తిప్పన్న మామ నడక

తడి చల్లిన నూలు గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టగానే ఒక వాసన లేస్తుంది. కొంచెం గంజి, కొంచెం ఆవిరి, మాడీ మాడని దారం. బెంగళూరులో నేనుండే అద్దె గదిలో, వీడియో తీసే ముందు చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటాను. మొన్న ఉదయం కాలరు దగ్గరికి వచ్చేసరికి ఆ వాసన మరీ గట్టిగా తగిలింది. చెయ్యి ఆగిపోయింది. పెట్టె కింద గుడ్డ పసుపు తిరిగేదాకా తెలివి రాలేదు. ఆ రోజు ఇక వీడియో తియ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని తిప్పన్న మామ గురించే ఆలోచించాను. ఆయన గురించి నా వీడియోల్లో ఇప్పటిదాకా ఒక్కసారే మాట్లాడాను. అలా మాట్లాడకుండా ఉండవలసింది.

నన్ను ఎరిగినవాళ్ళు చాలామంది ఫోన్లోనే ఎరుగుదురు. మగవాళ్ళు ఏ బట్టలు ఎట్లా వేసుకోవాలో చెప్పే పేజీ ఒకటి నడుపుతున్నాను. మాది కర్ణాటకలోని పావగడ తాలూకా క్యాతగానచెర్లు. మా శెనక్కాయల చేను సోలార్ పార్కు కిందికి పోయింది. ఏటా కౌలు వచ్చేది కానీ నాన్నకు పొద్దు గడిచేది కాదు. నేను అదే పార్కులో సోలార్ ప్లేట్లు కడిగే కూలీగా చేరాను. పొడవాటి కర్రకు కట్టిన తుడుపు గుడ్డతో, ట్యాంకరు నీళ్ళతో, వరస తర్వాత వరస తుడుచుకుంటూ పోవడమే పని. ఒకప్పుడు అవ్వ కలుపు తీసిన చోట నేను అద్దం తుడుస్తున్నానని మొదట్లో అనిపించేది. కొన్నాళ్ళకు అదీ పోయింది. చదివింది కన్నడ మీడియం. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు. ఆ అక్షరాలు తర్వాత, నా వీడియోల కింద జనం రాసే మాటలు చదువుకుంటూ నేర్చుకున్నాను.

కాంట్రాక్టరు మాకిచ్చిన యూనిఫాంలు అన్నీ ఒకటే సైజు. నాది భుజాలు జారి, చేతులు వేళ్ళ దాకా వచ్చేది. ఒక ఆదివారం దాన్ని పట్టుకుని పావగడ బస్టాండు వెనక సందులో ఉన్న తిప్పన్న టైలరు అంగడికి పోయాను. అరవైకి దగ్గర పడిన మనిషి. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, మడత చెదరకుండా. కాస్త ఆగి ఆగి నడిచేవాడు. మోకాలు పట్టేసిందని అందరూ అనుకునేవారు, నేనూ అదే అనుకున్నాను. రెడీమేడ్ బట్టలు వచ్చాక కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయి, ఎక్కువగా మా లాంటివాళ్ళ యూనిఫాంలు బిగించి, పొట్టి చేసి ఇవ్వడంతో అంగడి నడుస్తుండేది. చేతులు పొట్టి చెయ్యమని యూనిఫాం బల్ల మీద పెట్టాను. ఆయన టేపు తియ్యలేదు. వేసుకోమన్నాడు. నడవమన్నాడు, చేతులు పైకెత్తమన్నాడు, స్టూలు మీద కూర్చోమన్నాడు. తర్వాత నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"నీ కుడి బుజం కిందికి ఉండాది. చిన్నప్పట్నుంచి బరువులు మోసినావా?" అని అడిగాడు.

బోరు కాడి నుంచి నీళ్ళ బిందె ఆ భుజం మీదే మోసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు నాతో ఉన్న భుజాన్ని నేనెప్పుడూ చూసుకోలేదు. మా అమ్మ కూడా చూసి ఉండదు. ఎవరో తెలియని మనిషి వెనక నిలబడి చెబుతుంటే, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టూ ఉంది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టూ ఉంది. ఆయన కుడివైపు కుట్టు విప్పి లోపల కొంచెం గుడ్డ పెట్టి కుట్టాడు. మరుసటి రోజు పనికి పోతే, నాతోపాటు ప్లేట్లు కడిగే అంజినప్ప నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నీకు వేరే యూనిఫాం ఇచ్చినారా అని అడిగాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ అంగడికి పోవడం అలవాటైంది. ఆయన పని చేస్తుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. పొమ్మనేవాడు కాదు, రమ్మనేవాడూ కాదు. వచ్చిన ప్రతి మనిషినీ ముందు నడిపించి చూసేవాడు. పొట్ట ఉన్నవానికి పొట్ట గురించి చెప్పేవాడు కాదు. జేబు రెండు వేళ్ళు పక్కకు జరిపి కుట్టేవాడు. ఆ మనిషి అద్దంలో చూసుకుని ఏం మారిందో తెలియకనే నవ్వుకుంటూ పోయేవాడు. నాకు బట్టల మీద ఆశ పుట్టింది అక్కడే. అంతకుముందు అది సినిమావాళ్ళ విషయమనుకునేవాణ్ణి.

ఫోన్లో మగవాళ్ళ బట్టల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. బొంబాయి, బెంగళూరు పిల్లకాయలు గబగబా ఇంగ్లీషులో చెప్పేవారు. నేనూ చేద్దామని, ఎవరిదో కోటు అడుక్కుని, మండుటెండలో ప్లేట్ల వరసల మధ్య నిలబడి, ప్రతి మగవాడి దగ్గర ఉండవలసిన ఐదు బట్టలు అంటూ వాళ్ళ మాటలే వల్లించాను. అలాంటివి చాలా పెట్టాను. చూసినవాళ్ళు మా ఊరివాళ్ళు కొందరు, అదీ నవ్వుకోవడానికి. ఒక ఆదివారం తిప్పన్న మామకు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చూసి ఫోను వెనక్కి ఇచ్చాడు.

"ఎవరికి చెప్తాండావు ఇది?"

అందరికీ చెప్తున్నానన్నాను.

"అందరూ అంటే ఎవరప్పా? ఒగని పేరు చెప్పు."

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ మిషను మీదికి వంగుతూ, "పేరు తెలీని మనిషికి నేను గుడ్డ కొయ్యను. నువ్వు యాడో ఉండేటోని కోసం కోస్తాండావు," అన్నాడు. కోపంగా అనలేదు. నాకు మాత్రం ఆ వారమంతా అదే ధ్యాస. తుడుపు కర్ర పట్టుకుని వరసలు కడుగుతూ ఒక్కొక్కరి పేరూ తలుచుకున్నాను. తర్వాతి ఆదివారానికి పేరు దొరికింది. అంజినప్ప రాయదుర్గం దగ్గర పిల్లను చూడటానికి పోవాలి. మెరిసే గుడ్డతో ఒంటికి అతుక్కునే చొక్కా ఒకటి కొనుక్కుని ఉన్నాడు. అతన్ని అంగడికి పిలుచుకుపోయాను.

తిప్పన్న మామ ఆ చొక్కా బాగలేదని అనలేదు. ఇంట్లో ఇంకేముందో అడిగాడు. వాళ్ళ అన్న వదిలేసిన నూలు చొక్కా ఒకటుందంటే తెమ్మన్నాడు. ఎండలో పనిచేసేవాళ్ళకు మెడ ఒక రంగు, కాలరు కింద ఇంకో రంగు ఉంటుంది. పై గుండీ విప్పితే ఆ గీత కనబడుతుంది. అందుకని కాలరు పట్టీ కొంచెం ఎత్తు చేసి, పై గుండీ పెట్టుకున్నా మెడ బిగుసుకోకుండా కుట్టాడు. ఫోనును దారపు ఉండల డబ్బాకు ఆనించి అదంతా తీశాను. ముఖం తియ్యొద్దని ఆయన ముందే చెప్పాడు కాబట్టి చేతులే తీశాను. మాట నాది. అంజినప్పకు చెప్పినట్టే, మా మాటలోనే చెప్పాను. ఎండలో పనిచేసేటోళ్ళకు చెప్తాండాను, ఉన్న చొక్కానే తీసుకోండప్పా, కొత్తది వద్దు అని.

ఆ సంబంధం కుదరలేదు. చొక్కా మాత్రం అంజినప్ప చినిగేదాకా వేసుకున్నాడు. వీడియోను జనం ఒకరికొకరు పంపుకున్నారు. మడకశిర నుంచి, చల్లకెరె నుంచి, నేనెప్పుడూ వినని ఊళ్ళ నుంచి రాశారు. బలసముద్రం నుంచి ఒక గొర్రెల కాపరి, తనకు ఏ చొక్కా మంచిదో చెప్పమన్నాడు. ఇంతకాలం బట్టల గురించి ఎవరూ తనతో మాట్లాడలేదని కూడా రాశాడు. ఆ వాక్యం మామకు చదివి వినిపించాను. ఆయన కత్తెర కింద పెట్టి, ఆ గొర్రెలాయన పొడుగా పొట్టా కనుక్కోమన్నాడు.

తర్వాత రెండేళ్ళు అట్లా నడిచాయి. ఇప్పుడు నన్ను ఎవరైనా నీ పేజీ ఎందుకు నిలబడింది అని అడిగితే చెప్పగలిగేదంతా ఆ రెండేళ్ళదే. ఎదుటి మనిషిని చిన్న చేసి చెప్పకూడదని, ఉన్న బట్టతోనే మొదలుపెట్టాలని ఆయన పని చూసి నేర్చుకున్నాను. ఒకసారి షూల గురించి నాకు తెలియని సంగతి ఏదో తెలిసినట్టు చెబితే, తెలీదని చెప్పేదానికి నీకు సిగ్గెందుకు అని అడిగాడు. తర్వాతి వీడియోలో అదే చెప్పాను, నాకు తెలీదు, కనుక్కొని చెప్తాను అని. జనానికి ఆ మాటే ఎక్కువ నచ్చింది. నన్ను నమ్మడం మొదలుపెట్టారు. ఆ నమ్మకమంతా ఆ అంగట్లో కుట్టిందేనని నాకు తెలుసు. చూసేవాళ్ళకు తెలియదు.

మామ కూతురి పెళ్ళి హిందూపురంలో జరిగింది. పెళ్ళికి వారం ముందు నేను అంగడికి పోయేసరికి ఆయన తలుపు ఓరగా వేసి, కొత్త ప్యాంటు వేసుకుని నిలబడి ఉన్నాడు. భార్య గౌరత్త చుట్టాలను పిలవడానికి పోయి ఉంది. కింద మడత దగ్గర సుద్దతో గీత పెట్టడానికి ఆయనకు ఇంకొకరు కావాలి. కాసేపు నన్ను చూసి, లోపలికి వచ్చి తలుపు వెయ్యమన్నాడు. నేను నేల మీద కూర్చుని గీత పెట్టబోతే ఎడమవైపు ప్యాంటు బరువుగా తగిలింది. లోపల మందపాటి అస్తరు గుడ్డ, పొరలు పొరలుగా, తొడ నుంచి కిందిదాకా. దాని లోపల ఉన్న కాలు నా మణికట్టు కంటే ఎక్కువ లావు లేదు. చెప్పు మడమ కూడా ఒకవైపు ఎత్తు. మోకాలు పట్టెయ్యడం కాదు, అది పోలియో.

నేను తల ఎత్తలేదు. ఆయనే చెప్పాడు. పుట్టింది పావగడ కాదు, అక్కడికి దూరంగా ఒక పల్లె. అక్కడ ఆయనకు తిప్పేస్వామి అనే తన అసలు పేరే లేదు, అందరూ కుంటోడనే పిలిచేవారు. బడిలో అయ్యవారు కూడా అదే పేరుతో హాజరు పిలిచాడట. పదిహేనేళ్ళప్పుడు ఊరు వదిలి ఒక టైలరు దగ్గర పనికి చేరి, మొట్టమొదట కుట్టింది తన ప్యాంటు. "ఆ ప్యాంటు ఏసుకోని బజార్లో నడిచినాను సీనా. ఎవడూ ఏమీ అనలేదు. ఆ పొద్దు సాయంత్రం దాకా ఊరికే నడుస్తానే ఉన్నాను," అన్నాడు. నలభై ఏళ్ళుగా గౌరత్తకు తప్ప ఆ సంగతి తెలిసినవాళ్ళు పావగడలో లేరు. పెళ్ళిలో ఆయన వియ్యంకులకు ఎదురుపోయి చేతులు పట్టుకుని పిలుచుకొస్తుంటే నేను ఫోనులో తీశాను. తీపిగుర్తుగా ఉంటుందని తీశాను. అప్పుడు నా మనసులో వేరే ఏమీ లేదు.

ఆ మరుసటి ఏడాది ప్లేట్ల పని మానుకుని బెంగళూరు వచ్చాను. బట్టలు అమ్మే కంపెనీ ఒకటి, తమ బట్టలు వేసుకుని చూపించమని పిలిచింది. మొదట బాగానే సాగింది. తర్వాత చూసేవాళ్ళు తగ్గారు. కంపెనీ మనిషి మర్యాదగానే, జనం కథలు అడుగుతారు, నీ దగ్గర ఏదైనా మనసును తాకే కథ ఉంటే పెట్టు అన్నాడు. గదికి వచ్చి పాత వీడియోలు తిరగేస్తుంటే పెళ్ళిలో మామ నడిచిన ముక్క కనబడింది. అప్పుడే నిర్ణయించుకున్నాను. నా గురువు రహస్యం అని పేరు పెట్టాను. ఆయన నడుస్తుండగా, ఆ ప్యాంటు లోపల ఏముందో, ఎన్ని పొరలో, ఎందుకో, గొంతు వణికించి చెప్పాను. వణుకు నిజమైనదే. నేను ఆయనకు గౌరవం చేస్తున్నానని నమ్మాను. అలా నమ్మాలంటే ఆయనకు ఒక్క ఫోను కొట్టి అడగకుండా ఉండాలి, అడగలేదు.

నా వీడియోల్లో దేన్నీ అంతమంది చూడలేదు. ఏడ్చామని రాశారు. కాలు లేనివాళ్ళు, కాలు సన్నబడినవాళ్ళు, తమకూ అట్లాంటి ప్యాంటు కుట్టడం నేర్పించమని రాశారు. మూడో రోజు వాటి మధ్యలో ఒకటి కనబడింది. రాసినవాడు ఎవరో ఆయన పుట్టిన పల్లెవాడు. ఈయన మా ఊరి కుంటి తిప్పడు కదా అని రాసి నవ్వు బొమ్మలు పెట్టాడు. దాని కింద ఇంకొందరు ఆ పేరే రాశారు. ఐదో రోజు అంజినప్ప ఫోను చేసి, జనం అంగడి ముందర నిలబడి మామ కాలు చూస్తున్నారని, కొందరు ప్యాంటు ఎత్తి చూపించమంటున్నారని, మామ అంగడి మూసినాడని చెప్పాడు. వెంటనే తీసేశానని రాయగలిగితే బాగుండేది. తియ్యలేదు. చూసేవాళ్ళు ఇంకా పెరుగుతున్నారు. రేపు తీస్తాను, రేపు తీస్తాను అనుకుంటూ ఎనిమిది రోజులు ఉంచాను. తీసేసరికి దాన్ని ఎంతోమంది తమ పేజీల్లో పెట్టుకుని ఉన్నారు.

తర్వాత పావగడ బస్సెక్కాను. మామ ఇంటి ముందర రేకుల నీడలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లుంగీ కట్టుకుని ఉన్నాడు. ఆయన్ను లుంగీలో చూడటం అదే మొదలు. గాలికి గుడ్డ తొలగితే సర్దుకోలేదు. గౌరత్త నీళ్ళ చెంబు తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి పోయింది. నేను కాళ్ళు పట్టుకోబోతే మామ వద్దన్నాడు. వీడియో కింద జనం ఏమేం రాశారో అడిగాడు. ఆ పేరు రాసిన సంగతి వదిలి, కాళ్ళు లేనివాళ్ళు రాసినవి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"వాళ్ళకి మంచే జరిగింటాది. కాదనను," అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి మళ్ళీ అన్నాడు. "నన్ను అడిగింటే నేను సరే అనింటానేమో సీనా. ఆ పెళ్ళిలో అంత బాగా నడిచినాను. అడగలేదు నువ్వు."

అంగడి మళ్ళీ తియ్యమని బతిమాలాను. నడవలేక కాదప్పా, ఇంగ వాళ్ళు గుడ్డ చూడరు, కాలే చూస్తారు అన్నాడు. ప్యాంటు ఎందుకు వేసుకోవడం లేదని నేను అడగలేదు. బెంగళూరు పోయే బస్సుకు టైమయిందని ఆయనే గుర్తు చేసి నన్ను లేపాడు. గేటు దాకా రాలేదు.

తర్వాత ఆయన మిషను అమ్మేశాడని విన్నాను. నేను చేసిన ఫోన్లు ఎత్తేవాడు, బాగున్నావా అనేవాడు, అంతే. ఏడాదిన్నర తర్వాత ఒక ఎండాకాలం పొద్దున గుండె ఆగి పోయాడు. నేను పోయేసరికి అన్నీ అయిపోయాయి. ఇంటి ముందర కడిగిన నేల ఇంకా ఆరలేదు. గౌరత్త నన్ను చూసి ఏడవలేదు, తిట్టనూ లేదు. దూరం నుంచి వచ్చినావు, అన్నం తిని పో అంది. ఆమె తిట్టి ఉంటే తినగలిగేవాణ్ణేమో. విస్తరి ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచాను.

పేజీ ఇంకా నడుస్తోంది. వేరే పని రాదు, ఆయన నేర్పిందే వచ్చు. ఈ మధ్య ఒక కాలేజీవాళ్ళు పిలిచి, ఇలాంటి పేజీ గెలవాలంటే ఏం చెయ్యాలో పిల్లలకు చెప్పమన్నారు. ఒక్క మనిషిని ముందు పెట్టుకుని మాట్లాడమని, అతని ఒళ్ళు, అతని ఎండ, అతని ఇంట్లో ఉన్న బట్ట చూడమని, తెలియనిది తెలియదనమని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, మీ వీడియోల్లో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది ఏదని అడిగింది. చెప్పాను. అది ఎలా వచ్చిందో, ఎవరి మీదుగా వచ్చిందో కూడా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక కూర్చుండిపోయారు. గెలిచే దారి తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. నాకు తెలిసిన దారుల్లో ఆ వీడియో కూడా ఒకటి.

నాకు రోజూ మగవాళ్ళు రాస్తారు. ఒళ్ళు కాలినవాళ్ళు, గూని ఉన్నవాళ్ళు, ఎవరికీ చెప్పుకోనివాళ్ళు. వాళ్ళకు విడిగా జవాబిస్తాను, ఏదీ పేజీలో పెట్టను. కంపెనీవాళ్ళకు ఇది నచ్చక నన్ను వదులుకున్నారు. మొన్న చలికాలంలో కళ్యాణదుర్గం దగ్గర నుంచి ఒకాయన రాశాడు. మిషనులో పడి ఎడమ చేతి వేళ్ళు మూడు పోయాయి. కూతురి బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉంది, బిడ్డ పక్కన నిలబడాలి. చూపించాలనుకుంటున్నావా, దాచాలనుకుంటున్నావా అని మొదట అడిగాను. దాచాలన్నాడు. ఫోనులో ఆయన్ను నడిపించి చూశాను, కూర్చోబెట్టి చూశాను. చేతుల పొడవు, కఫ్ వెడల్పు, ప్యాంటు జేబు ఎంత కిందికి ఉండాలో వాళ్ళ ఊరి టైలరుతో మాట్లాడి కుట్టించాను. పది రోజులు పట్టింది. దాని గురించి వీడియో లేదు, ఉండదు. మీటింగు రోజు మధ్యాహ్నం ఆయన తన గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక పిల్లల అరుపులు, బడి గంట. "ఎవురూ చూడలేదన్నా," అన్నాడు. అంతే ఉంది అందులో. దాన్ని నేను చాలాసార్లు విన్నాను.